బిళ్ళ వెయ్యని ఆట

ఇంటర్ లెక్కలు తనకి అర్థం కావడం లేదన్న మాట లీల ఇంతవరకూ పైకి అనలేదు. నాన్న టీ బడ్డీలో గ్లాసులు కడుగుతూనే ప్రైవేటుగా పరీక్షకి కట్టింది. "మా లీల ఒకరి సాయం నేకుండా సదూతంది," అని నాన్న ఏసుపాదం నర్సీపట్నం బస్టాండంతా చాటేశాడు. గైడులో చేసిపెట్టిన లెక్క చదువుతుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. గైడు మూసి తెల్లకాగితం ముందేసుకుంటే పెన్ను కదలదు. పరీక్ష ఇంక నెలే ఉంది.

ఆ సాయంత్రం జీడితోటల మన్మథరావు బెంచీ మీద కాళ్ళు మడుచుకు కూర్చున్నాడు. పక్క కొట్లోకి కొత్తగా వచ్చిన వీడియో గేము మిషను కుయ్యి కుయ్యిమంటోంది.

"ఇదేటి గేమురా సింగన్నా. మొన్న వైజాగు ఎగ్జిబిషన్లో నానాడినాను సూడు, అదీ గేమంటే. హేండిల్ మీద సెయ్యేసేనో నేదో, ఇమానం లేచిపోనాది. నాను తిప్పాలనుకునేలోపే తిరిగిపోతంది. నా బుర్ర నా సేతికన్నా బేగి పన్జేస్తాది మరి."

"పడిపోనేదా బావూ?" అన్నాడు రిక్షా సింగన్న.

"పడిపోడానికి నానేటి నువ్వనుకున్నావా? కొండలు, సొరంగాలు, ఎదర్నుంచి గుళ్ళు. మేనేజరొచ్చి, 'సిక్కడిపోతే హెల్పు బటనుందండీ, నొక్కండి' అన్నాడు. సాయమడిగితే నాను మన్మథరావునెలాగవుతాను? నొక్కనన్నాను. ఆ తర్వాత ఏటైందో తెలుసా? మిషనే సిక్కడిపోనాది. తెర మీద అచ్చరాలొచ్చినాయి, 'బావూ, దారి సెప్పండి' అని."

"తెలుగులోనే?"

"నన్ను సూసినాక ఇంగిలీసులో ఎందుకడుగుతాది? ఏ కొండకాడ వొంగాలో, ఏ సొరంగంలో దూరాలో సెప్పేను. అది ఊపందుకుని, ఇమానం ముక్కు తెరలోంచి ఇంత బయటికొచ్చీసినాది. జనం ఎనక్కి జరిగిపోనారు. లోపలికెల్లవే అంటే ఎల్లినాది. తెల్లారీసరికి ఆ మిషను సేసిన జపానోల్ల ఫోను. 'అయ్యా, ఇకమీదట హెల్పు బటను నొక్కితే మీరే కనిపించీలాగ పెట్టుకుంటాం' అని. జీడిపిక్కల సీజను, తీరికనేదన్నాను."

లీల గ్లాసు తొలుస్తూనే అడిగింది. "రూపాయి బిళ్ళ ఎక్కడ వేశారండీ?"

"బిళ్ళెందుకమ్మా? నాను ముట్టుకోగానే ఆడీసినాది."

"వెయ్యకపోతే దానంతటదే ఆడుతుందండీ. రానివాళ్ళకి ఎలా ఆడాలో చూపించడానికి. పక్క కొట్లో రోజూ చూస్తున్నాను కదా. మీరు హేండిల్ ఎటు తిప్పినా దానికి పట్టదు."

సింగన్న మెల్లగా టీ ఊదుకున్నాడు. "హెల్పు నొక్కనన్నావు గదా బావూ. నువ్వాడినంతసేపూ అది హెల్పేనన్నమాట."

మన్మథరావు గ్లాసు ఖాళీ చేసి, "అయినా నా సెయ్యి పడ్డాక బాగా ఆడిందమ్మా," అన్నాడు.

"సూసేరా?" ఏసుపాదం మురిసిపోయాడు. "మా లీలకి ఎవరూ సెప్పక్కర్నేదు."

లీల చెయ్యి నీళ్ళలో ఆగిపోయింది. లెక్క గైడే చేసుకుపోతుంటుంది. తను పక్కన వేలు పెట్టి తలూపుతుంటుంది. తనూ బిళ్ళ వెయ్యలేదు.

పెద్దమ్మ కూతురు పరిమళ వైజాగులో లెక్కల టీచరు. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు చెప్పింది, ఎక్కడ ఆగిపోయినా ఫోన్ చెయ్యవే అని. అక్కర్లేదక్కా అనేసింది తను.

ఫోనున్న పోస్టాఫీసు ఇంకా మూసి ఉండరు. లీల గ్లాసు బోర్లించి, చేతులు ఓణీకి తుడుచుకుంది.

"నాకు లెక్కలు రావట్లేదు నాన్నా. పరిమళక్కకి ఫోన్ చేసొస్తాను."