తొమ్మిది గంటల మాత్ర

ఈ ఉదయం గ్లోరీ కోసం వచ్చిన మీ అందరికీ నమస్కారం. భావనపాడు నుంచి వచ్చిన మా అత్తవారికి, సూర్యదేవుడి గుడికి జనం వచ్చే ఆదివారమైనా అరసవల్లిలో దుకాణాలు మూసి వచ్చిన మిత్రులకు, తన కిడ్నీ ఇచ్చి అక్కను బతికించుకున్న శాంతికి నమస్కారం. నా భార్య పోయి పదకొండు రోజులు. నాకు ప్రసంగాలు రావు. ఒక భయం ఉంది. అది చెప్పడానికి నిలబడ్డాను.

కిడ్నీ మార్చి తొమ్మిదేళ్ళు. దాన్ని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఉదయం తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి మాత్రలు. ఈ మందిరంలోనే, వాక్యం మధ్యలో ఆమె ఫోను మోగేది. పాస్టరు అయ్యగారు ఆగేవారు. ఒకసారి ఆయన ఆగకపోతే నీళ్ళ సీసా ఎత్తి చూపించి, "ఆగండయ్యగారూ, మా సెల్లి కిడ్నీకి టిఫిను ఎట్టాలి" అంది. అందరూ నవ్వారు. గుర్తుందా?

ఒక్క మాత్ర తప్పలేదు. మరి ఎక్కడ తప్పింది?

నెలనెలా రక్తపరీక్ష కాగితం వచ్చేది. అందులో మేం ఒక్క వరసే చూసేవాళ్ళం. క్రియాటినిన్, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే అంకె. మన వైపు కిడ్నీ జబ్బున్న ఏ ఇంట్లోనైనా చూసేది అదే కదా? "బాగున్నాది బావా, మడతెట్టీ" అనేది. మడతపెట్టేవాణ్ణి. డిగ్రీ చదివినవాణ్ణి.

దాని కిందే ఇంకో వరస ఉంది. తెల్ల కణాలు, రోగాలతో పోరాడేవి. మూడు నెలలుగా తగ్గుతూ వచ్చాయి. కిడ్నీని కాపాడే మందే కొందరిలో రక్తకణాలను తగ్గించేస్తుందని ఆసుపత్రిలో చేరాకే తెలిసింది. నోట్లో పుళ్ళు పడితే వేడి చేసిందనుకుని మజ్జిగ ఇచ్చాను. చలిజ్వరం వచ్చింది. "బావా, బయమేస్తన్నాది" అంది. తొమ్మిదేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. అయినా తెల్లారనిద్దాం అన్నాను. ఐదో రోజుకి ఆమె లేదు.

మొన్న బుధవారం ఉపేంద్ర మా ఇంటికొచ్చాడు. అరసవల్లిలో కొబ్బరికాయల దుకాణం. వెనక వరసలో ఉన్నాడు, అతణ్ణి అడిగే చెబుతున్నాను. వాళ్ళమ్మ అతనికి కిడ్నీ ఇచ్చి నాలుగేళ్ళయింది. "అన్నయ్యా, ఆ మాత్రలే ఒదినని అట్టుకుపోనాయి. రెండు పూటల్నుంచి నేను మానీసాను" అన్నాడు.

గ్లోరీ చావు ఇంకొకరిని చంపుతుందా?

అప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రక్తం చూశారు, అతని కణాలు బాగానే ఉన్నాయి. మందు మానితే కిడ్నీ పోతుందన్నారు. మోతాదు మార్చేది వాళ్ళు, మనం కాదు. మళ్ళీ మొదలుపెట్టాడు. కానీ ప్రతి పూటా మాత్ర చేతిలో పట్టుకుని కూర్చుంటున్నాడట. అతని భయం పోలేదు. నాదీ పోలేదు.

ఈ మాత్రలు మింగేవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, కాగితం మొత్తం డాక్టరుకి చూపించండి. జ్వరం తగిలితే తెల్లారే దాకా ఆగకండి.

ఆమె ఫోను నా జేబులో ఉంది. అలారం తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. తొమ్మిదికి ఇంకా రెండు నిమిషాలు. దయచేసి అందరూ లేచి నిలబడండి. అది మోగే దాకా మౌనంగా ఉందాం.

మోగాక, ఉపేంద్రా, నీ మాత్ర వేసుకో. శాంతి దగ్గర నీళ్ళున్నాయి. నువ్వు మింగే దాకా మేమంతా ఆగుతాం.