రాజలింగు కోసిన ఉక్కు పట్టీ

సాలవ్వ మీద దొంగతనం మోపింది 1994 ఆగస్టు తొమ్మిదో తారీకు, మంగళవారం. మోపింది మా ఎల్లారెడ్డిల ఉండే హన్మవ్వ. పోయింది ఒక స్టీలు కంచం. హన్మవ్వ లగ్గానికి తల్లిగారు పెట్టింది, వెనక పేరూ లగ్గం తారీకూ చుక్కలు చుక్కలుగ కొట్టించింది. ఇరవై ఒక్క ఏండ్లు దాన్ని బూడిదతో తోమిన మనిషినే పట్టుకొని "నువ్వే తీసినవ్" అన్నది. ఆ మాట వాడంతా తిరిగింది. సాలవ్వకు నాలుగిండ్ల అంట్లపని నాలుగు రోజుల్లో పోయింది.

పన్నెండో రోజు సాలవ్వ మూట కట్టింది. భిక్నూర్‌లో ఉన్న బిడ్డ దగ్గరికి పోతానని, ఐదింటి కామారెడ్డి బస్సు కోసం గులాబ్ బీ అరుగు మెట్టు మీద కూర్చున్నది. మేం ఆడోళ్లం ఆ అరుగు మీదనే బీడీలు చుడతాం. బస్సెక్కితే "చూసిన్రా, దొంగ పారిపోయింది" అంటారు. ఎక్కకుంటే పొయ్యిలోకి పుల్ల లేదు. గడియారం నాలుగూ పది.

సరిగ్గా అప్పుడే వచ్చిండు రాజలింగు. స్టవ్వులు, రేడియోలు బాగుచేస్తడు. అవి బాగయ్యేది ఎప్పుడోగానీ నోరు మాత్రం ఎన్నడూ చెడిపోదు. చేతిలో గులాబ్ బీ కొడుకు ఫరీద్ షార్జా నుంచి తెచ్చిన రిమోట్ ట్రక్కు, రాళ్లెక్కే రకం. ముందు చక్రాలను మలిపే చిన్న మోటారును సర్వో అంటారట. దాన్ని బిగించి పట్టుకునే ప్లాస్టిక్ పట్టీ విరిగితే బండి ఎటూ మలుగలేదు. దానికి రాజలింగు కొత్త పట్టీ చేసి, నల్ల పెయింటేసి తెచ్చిండు.

"జర జరుగుండ్రి, బండిని పెట్టనియ్యుండ్రి. ముట్టకుండ్రి గని, పెయింటు అంటుతది. గీ పట్టీ చూసిన్రా? మొదలు నూనెడబ్బ రేకు కోసి చేసిన. చక్రం రాయికి తగలంగనే రేకు వంగి, మోటారు పక్కకు ఒరిగింది. మల్ల సైకిల్ మడ్‌గార్డు కోసిన. అది గడగడ ఊగుతది. సర్వోకు రెండు చెవులు, నాలుగు తూట్లు. వెంట్రుకంత తప్పినా బండి కాలువల పడుతది. టేపు పెట్టలే, స్కేలు పెట్టలే, ఒంటి కన్నుతోని చూసి కొట్టిన నాలుగు తూట్లు!"

"మూడోది ఏ రేకుతో చేసినవ్?" అన్నా నేను.

రాజలింగు సాలవ్వ మూట దిక్కు చూసిండు. చూసి గొంతు పెంచిండు.

"రేకు కాదు మరియక్కా, ఉక్కు! బీర్కూర్ కాడ మిలిటరీ జీపు బోల్తా పడ్డది, దాని తలుపు ముక్క. ఏడు డ్రిల్లు పుల్లలు విరిగినయ్, ఆకురాయి అరిగి అద్దమైంది. అయినా ఇడిసిననా? బిగిచ్చి మా ఇంటెనక రాళ్లకుప్ప మీద ఇడిసిన, మేక లెక్క ఎక్కింది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? భిక్నూర్ రోడ్డు మీద దాబా ముంగట లారీ బురదల దిగిపోయింది. క్రేన్ రావాలె అంటున్నరు. నేను పోయి బండికి తాడు కట్టి, గీ రిమోట్ జర గిట్ల అన్న. లారీ, దాన్లున్న వడ్ల బస్తాలు, మీద నిద్రపోతున్న క్లీనరు, అన్ని కలిపి బయటికొచ్చినయ్. క్లీనరు లేవనేలేదు!"

"జీపు తలుపు గంత గట్టిగుంటదా బేటా?" గులాబ్ బీ బీడీకి దారం చుట్టుకుంటూ అడిగింది.

"ఎక్కడిది జీపు! జీపంటే జీపు కాదమ్మా, జీపుల ఏసుకొచ్చిన విమానం రెక్క. గది అసలు సంగతి, పైకి చెప్పద్దన్నరు. గందుకే పెయింటేసిన!"

నాలుగున్నర అయింది. సాలవ్వ మూట ముడి ఇప్పి మళ్లీ కట్టింది. ఇది ఐదోసారి. ఆమె ముడి కట్టినప్పుడల్లా రాజలింగు చెమట తుడుచుకున్నడు. తుడుచుకున్నప్పుడల్లా అబద్ధం ఒక మెట్టెక్కింది.

"లారీ ఏం లెక్క, రైలు సంగతి ఇనుండ్రి. గూడ్సు బండి భిక్నూర్ ఎత్తు ఎక్కలేక నిలబడ్డది. నలభై డబ్బాలు! డ్రైవర్ దిగొచ్చి, రాజలింగన్నా నువ్వే దిక్కు అన్నడు. ట్రక్కు కట్టిన. చక్రాల కింద కంకర పిండి అయింది గని పట్టీ ఇంతంత కదల్లే. ఇగ చూస్తే కామారెడ్డి టేషన్ల ఆగింది. ఆగింది అంటే నేను బటన్ ఇడిసిన గనుక ఆగింది, లేకుంటే పట్టాలు అయిపోయేదాకా పోతుండె!"

"నీ షాపు ఆ దినం బందున్నదా?" అన్నా. "ఈ నెలంతా తెరిచే ఉన్నది. నేను రోజూ చూస్తున్న."

"ఆదివారమక్కా."

"రెక్క ముక్క ఎవరిచ్చిన్రు?"

"రష్యోళ్లు," అన్నడు. "పేరు చెప్పద్దన్నరు."

బస్టాండు దిక్కు నుంచి హారన్ వినబడ్డది. సాలవ్వ లేచింది. ఏమని ఆపాలె? ఆపి ఏం పెట్టాలె?

"మాటలు చాలు భాయ్, నడిపి చూస్త," అని ఇంట్లకెళ్లి వచ్చి ఫరీద్ రిమోట్ గుంజుకున్నడు. బండి నిజంగానే మలిగింది, చెప్పుకోవాలె. రాయెక్కింది, మెట్టెక్కింది, రెండో మెట్టు మీద ముక్కు పైకిలేచి ఎల్లెలకల పడి సాలవ్వ కాళ్ల కాడ చక్రాలు తిప్పుకుంటూ ఉన్నది.

"ముట్టకు! కరెంటున్నది!" అని రాజలింగు దునికిండు.

అప్పటికే సాలవ్వ దాన్ని ఎత్తింది. గిన్నెను ఎత్తినట్టే, బొటనవేలు అడుగున పెట్టి ఎత్తింది. ఎత్తి ఆగిపోయింది. వేలు పట్టీ మీద ఒక్కసారి కదిలింది, మళ్లీ కదిలింది. తోమినట్టు.

"మరియా, గీడ రాత ఉన్నది సూడు."

"అది విమానం నంబరు," అన్నడు రాజలింగు.

"నాకు అక్షరం రాదు," అన్నది సాలవ్వ. "గని గీ చుక్కలు నాకెర్కనే. గీ మూల గుండ్రటి గీతల బూడిద ఇరుకుతుండె, గోరు పెట్టి తీస్తుంటి."

ఆకు కోసే కత్తెర తీసి నల్ల పెయింటు గీకిన. స్టీలు తళుక్కుమన్నది. రాజలింగు చేతులు జోడించిండు.

"హన్మవ్వ స్టవ్వు బాగుకు తీస్కపోతుంటె, సామాను జారిపోతదని ఆమె కంచంల ఏసుకొని పోయిన అక్కా, దొంగతనానికి కాదు. తెచ్చిద్దామనుకునేసరికే లొల్లి లేచింది. ఇప్పుడు తెస్తే నన్నే అంటరని బుగులైంది. కోసేస్తే పీడ పోతది అనుకున్న..."

"పన్నెండు రోజులు," అన్నా. "రైలును గుంజినవ్, నోట్లెకెళ్లి ఒక్క మాట గుంజలేకపోయినవ్."

ఫరీద్ ఉరికిపోయి హన్మవ్వను తోలుకొచ్చిండు. బస్సు హారన్ కొట్టుకుంటూ మా ముంగటి నుంచే పోయింది, సాలవ్వ ఎక్కలేదు. హన్మవ్వ పట్టీని చూసింది, సాలవ్వ మొఖం చూడలేకపోయింది.

"చదువు మరియా," అన్నది సాలవ్వ. "దొంగ అన్నప్పుడు వాడంతా ఇన్నది. గిది గూడ వాడంతా ఇనాలె."

లేచి నిలబడి చదివిన. పేరు సగం తెగింది, "మవ్వ" అని మాత్రమే మిగిలింది. తారీకు తెగలేదు: 17-5-1973.