తోక పట్టుకున్న కెప్టెన్

విమానాశ్రయం గేటు ఎదుట టీ కొట్టులో ఆ రిటైరైన కెప్టెన్ నోరు విప్పాడంటే అందరి చేతుల్లో టీ చల్లారిపోవలసిందే. ఆరోజు బల్ల చివర కూతురు కూడా ఉంది, యూనిఫాంలో. ఒకప్పుడు ఆయన నడిపిన చిన్న జెట్‌నే, ఆయన తిరిగిన దారిలోనే, మరి కాసేపట్లో మొదటిసారి కెప్టెన్‌గా నడపబోతోంది. ఆమెను చూసేసరికి ఆయనకి ఇంకాస్త హుషారొచ్చింది.

"కొండల మీదకి రాగానే శాటిలైట్ సిగ్నల్ పోయింది. పోతే దారి తెలీదు, అంతే కదా అనుకుంటారు మీరు. కాదండీ, ఆ జెట్‌లో తోక ఊగకుండా చూసే యంత్రం కూడా ఆ సిగ్నల్‌నే నమ్ముకుని బతుకుతుంది. అదీ చేతులెత్తేసింది, ఆటోపైలట్టూ చేతులెత్తేసింది. తోక ఇటొకసారి, అటొకసారి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పోయినసారి తోక తిప్పే పెడల్ తన్ని ఆపారు," గుర్తుచేశాడు పక్క బల్ల మీది మెకానిక్.

"తన్నాను, విరిగింది. ఇక ప్రయాణికులందర్నీ లేపి, ఎడమకి వాలితే కుడి సీట్లలోకి, కుడికి వాలితే ఎడమ సీట్లలోకి తోలాను. అయినా ఆగదే. లాభం లేదని తలుపు తీసి, పైకెక్కి పాక్కుంటూ వెళ్లి, తోకని చంకలో ఇరికించుకున్నా."

"గాలికి కొట్టుకుపోలేదూ?" అన్నాడు టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ.

"నన్ను చూసి గాలే పక్కకి తప్పుకుంది. కింద డాబాల మీద ఆరేసిన బట్టలు ఎటు ఎగురుతున్నాయో చూసుకుంటూ, తోక తిప్పుతూ దించేశా. రన్‌వే మీద కూడా కాదు, పార్కింగులో, మా కారు పక్కన. గీత దాటలేదు. ఒట్టు, నిజం."

కొట్టంతా నవ్వింది. కూతురు నవ్వలేదు.

"నాన్నా, కాసేపట్లో ఆ సీట్లో నేనుంటాను. తోక ఊగితే ఏం చెయ్యాలో క్లాసులో చెప్పారు. నిజంగా ఊగడం చూసినవాళ్లు నాకు తెలిసి మీరొక్కరే. ఎప్పుడడిగినా ఆ తలుపే తీస్తారు. ఆరోజు అసలేం చేశారు?"

ఆయన హుషారంతా ఒక్కసారిగా దిగిపోయింది. గ్లాసు కింద పెట్టాడు.

"ఏమీ చెయ్యలేదమ్మా. మొదట పెడల్స్ తన్నాను. తన్నేకొద్దీ ఊపు ఎక్కువైంది. భయమేసి కాళ్లు వెనక్కి తీసేసుకున్నా. వేగం తగ్గించి కూర్చున్నా. అదే సర్దుకుంది. నీ కాళ్లు ఊరుకోవు తల్లీ, నువ్వే ఊరుకోబెట్టాలి."

మెకానిక్ పగలబడి నవ్వాడు. "కెప్టెన్‌గారికి భయమేసిందట. ఊరికే కూర్చున్నారట. ఇన్నేళ్లలో కోసిన కోతలన్నిట్లో ఇదే పెద్దది."

కూతురు ఆయన ముఖంలోకి కాసేపు వెతికినట్టు చూసింది. తర్వాత ఆమె కూడా చిన్నగా నవ్వి, బ్యాగు భుజాన వేసుకుంది.

"నాకు ధైర్యం చెప్పడానికి భయం కూడా కల్పించక్కర్లేదు నాన్నా. వెళ్లొస్తా."

"ఒట్టు తల్లీ, నిజం," అన్నాడాయన.

పార్కింగులో దించానని చెప్పినప్పుడూ ఇదే ఒట్టు వేశాడు. ఆ సంగతి ఆయనకి అప్పుడు తట్టింది. లేచి రోడ్డు దాకా వెళ్లి, "కాళ్లు తీసెయ్యమ్మా," అని గొంతు చించుకుని అరిచాడు.

వెనక కొట్టంతా మళ్లీ నవ్వింది. కూతురు వెనక్కి తిరగకుండానే చెయ్యూపి గేట్లోకి వెళ్లిపోయింది.