ఫ్లెక్సీ మీద కౌజు పిల్లలు

ఎలక్షన్ల ముందు పెద్దముడియంలో గురప్ప తన ఇంట్లో మొదటిసారి కౌజు పిట్టల గుడ్లు పొదిగించాడు. ఒకప్పుడు, అందరూ అన్న అని పిలిచే నాయకుని వెంట తిరిగిన మనిషి. అతన్ని మళ్ళీ పిలుచుకుపోవడానికి బావమరిది చిన్నన్న జీపులో వచ్చాడు.

"పద బావా. అన్న నీ పేరు పెట్టి అడిగినాడు."

"ఓట్లప్పుడే గుర్తొస్తా ఆయనకు. తలుపు మూయి, పిల్లలకు సలి తగుల్తాది."

"నీ పేరు చెప్తే జమ్మలమడుగులో అంగళ్లు మూసేటోళ్లు. ఇప్పుడు పిట్టలకు ఆయావైనావా?"

"జీపుకు యాలాడేదానికంటే మేలే."

"ఈ రెండు పిల్లలూ కాళ్లు పక్కలకు చాపుకోని పడుండాయే. తెగులా?"

"నా బుద్ధితక్కువ. పొదిగే పెట్టెలో మీ అన్న ఫ్లెక్సీ కోసి పరిచినా. నున్నగుండి కాళ్లు జారినాయి. గోనెపట్ట మీద పుట్టినవి సూడు, ఎట్ల పరిగెత్తుతాండాయో."

"అన్న బొమ్మ మీద పిట్టలా? తెలిస్తే ఊరుకుంటాడా?"

"తెలియనీ. ఆయన కోసం బాంబు పట్టుకోని కాలు పోగొట్టుకున్న గంగులయ్యను ఒగసారన్నా సూడొచ్చినాడా?"

"జీపులో మనుషులు ఎదురుసూస్తాండారు బావా."

"సూడనీ. వీటి కాళ్లు దగ్గరికి తెచ్చి దారం కడితే నిలబడతాయంట. ఈ పిల్లను పట్టుకుంటావా, పోతావా?"

"ఇట్లియ్యి. గట్టిగా పట్టుకుంటే సస్తాదేమో?"

"సస్తాది. మెల్లగా పట్టుకో, అది జెండా కట్టె కాదు."