గుమ్మడి పూల ఫోటోల కింద పేరు

చిత్తూరు నుంచి చంద్రగిరి కోట దాకా, పువ్వుకు ఫోటో తీసే మొనగాడు ఎవడంటే జయరామే అని ఒప్పుకోవాలన్నా. నాకు సాటి రెండో మనిషి లేడు. యాడుంటాడు? ఈ యుద్ధకాలంలో ఫిలిం దొరికేదే గగనం. దొరికినోడు పెళ్లికి దాచుకుంటాడు గానీ పువ్వుకు ఖర్చు పెడతాడా?

నవ్వినావు గదా, ఇంగ నా మాట విను. నీ స్టూడియో గోడకు ఎనిమిది గుమ్మడి పూల ఫోటోలు తగిలించి, కింద 'తీసినది: జయరామ్, ఐరాల' అని అట్ట పెట్టినావే, దాన్ని తీసెయ్ సుందరరాజన్నా. ఈ రోజే తీసెయ్. రేపు పొద్దున బస్సుకు మా మామ కూతురు పంకజాక్షి వస్తా ఉండాది. ఆ ఫోటోలు తీసింది ఆ పిల్ల.

అట్లా చూడొద్దు. కళ్లద్దాలు తుడుచుకుంటే మాత్రం నా మొహం మారతాదా?

ఈ వైశాఖంలో మాకు పెళ్లి అనుకున్నారు, నీకు తెలుసు. మొన్న మామ మళ్లీ అడిగితే, 'చిత్తూరు పోయి ఫోటోలు చూసొచ్చి చెప్తా' అన్నాదంట. ఇంగ నువ్వే ఆలోచించు, ఆ అట్ట చూస్తే నా గతేమి?

ఆ పిల్లకు అమ్మవారు పోసినప్పుడు ఊరి బయట తోటలో కొట్టం వేసి ఉంచినారు. నలభై దినాలు. అమ్మవారు ఒకసారి పోసి లేచినోళ్లు తప్ప ఇంకెవరూ దగ్గరికి పోకూడదు. కావలి ఓబయ్య ఒక్కడే గంజి ఇచ్చి వచ్చేవాడు. ఒక్కతే ఉండాదే, పొద్దు పోదే అని నా పెట్టె కెమెరాలో ఫిలిం చుట్ట వేసి, దగ్గరి వాటిని తీసేదానికి నువ్విచ్చిన అద్దం కూడా పెట్టి, ఓబయ్య చేత పంపిస్తి. ఎందుకంటావా? గుమ్మంలో నిలబడి తన ఫోటో తీయించుకొని నాకు పంపుతాదని. ఎంత ఆశో చూడు.

ఎనిమిదింటిలో ఒక్కటన్నా తనది ఉండాదా? ఎనిమిదీ కొట్టం మీదికి పాకిన గుమ్మడి తీగవే.

"ఆయమ్మ మనుషులతో మాట్లాడదు సామీ, ఆ పూతతోనే మాటలు. ఒక్క ఫోటోకు రెండు దినాలు కాచుకుంటాది" అని ఓబయ్య చెప్పినాడు. మొహం చూసుకొని ఏడుస్తాదని ఇంట్లోవాళ్లు అద్దం ఇయ్యలేదు. దాంతో కెమెరా పైనుండే గోరంత అద్దంలో పువ్వును చూసుకుంటా కూర్చునేదంట. 'నా మొహం సంగతి నాకు తెలీదు, ఈ పువ్వు మొహం మాత్రం బాగా తెలిసిందని బావకు చెప్పు' అని ఓబయ్యతో చెప్పి పంపింది.

గుమ్మడి పువ్వు మీద కుళ్లుకునే మగోడిని నువ్వు చూసుండవు. చూసుకో, ఎదురుగానే ఉండాడు.

పువ్వు మీదైతే పోనీలే అనుకోవచ్చు. ఆ పిల్ల చెయ్యి మీదేనన్నా నా కుళ్లంతా. ఆ పురుగు కొట్టిన పువ్వు, రేకుల నిండా చిల్లులు. నేనైతే దాన్ని తెంపి పారేసి మంచిదాన్ని వెతుక్కుందును. ఆ పిల్ల ఎండ ఆ చిల్లుల్లో నుంచి దూరేదాకా కాచుకొని తీసింది. పూతలపట్టు ఆదిమూలం అయ్యవారు దాని ముందర ఎంతసేపు నిలబడినాడో నువ్వూ చూసినావు. చెప్పులు ఈడే మరిచిపోయి ఉత్తకాళ్లతో బస్సెక్కినాడు. నాకూ అమ్మవారు పోసుంటే, నాకూ నలభై దినాలు తీరిక దొరికుంటే, నేనూ అట్లాంటిది ఒకటి...

వద్దులే తల్లీ, నోరు జారింది. చెంపలేసుకుంటా ఉండా.

అట్ట రాసింది నువ్వే గదా అంటే కోపం వస్తాది నీకు. అయినా రాసింది నువ్వే. నేను రెండు ఫిలిం చుట్టలు తెస్తి. ఒకటి పొడిది, ఒకటి పసుపునీళ్లు తగిలి పచ్చబడింది. అమ్మవారున్న తావు నుంచి వచ్చిన వస్తువు మీద పసుపునీళ్లు చల్లకుండా ఎవరూ లోపలికి తేరు గదా. అందుకని పచ్చదాన్ని చూస్తానే 'ఇది పంకజాక్షిది' అంటివి. కడిగి చూసి, 'పాపం, జ్వరంలో చెయ్యి వణికింది' అని జాలిపడితివి. ఆ వణికిన చెయ్యి నాదన్నా. కెమెరా తోటకు పంపకముందు చంద్రగిరిలో నేను తీసిన గన్నేరు పూలవి. పొడిదాన్ని కడిగి, 'ఏమప్పా జయరామా, నీలో ఇంత ఉండాదా' అని వీపు తట్టితివి. అప్పుడే చెప్పాల్సింది. వీపు మీద అట్లాంటి చెయ్యి పడితే నోరు లేస్తాదా?

మరి నీ చుట్టకు పసుపెట్లా తగిలిందప్పా అని అడగబోతా ఉండావు. అడగొద్దు, నేనే చెప్తా.

ఆ దినం ఓబయ్య సంతకు పోయినాడు. దాంతో నేనే తోటకు పోతి. ఆ పిల్ల చుట్టను కాగితంలో చుట్టి కంచె గుంజ మీద పెట్టి, 'దీన్ని తడపొద్దు బావా, చెడిపోతాది' అన్నాది. నేను దాన్ని చేత్తో తీసుకోలేదన్నా. వెదురు గడ కొసకు సంచి కట్టి, దూరం నుంచే దాంట్లోకి తోసుకుంటి. ఇంటికి పోయి గడను సంచితో సహా వాకిట్లో ఆనించి, నా నెత్తిన, నా చొక్కా మీద, చొక్కా జేబులో మరిచిపోయిన నా చుట్ట మీద కడవెడు పసుపునీళ్లు గుమ్మరించుకుంటి.

నేను గడ చాపినప్పుడు ఆ పిల్ల చూస్తానే ఉండాది. నవ్వుంటే బాగుండు, నేనూ ఏదో ఒక ఎగతాళి చేసి తప్పించుకుందును. నవ్వలేదు. నాకు భయం లేకుండా ఉండాలని, తనే రెండడుగులు వెనక్కి పోయి నిలబడినాది.