పందెం రోడ్డుకు తారు

1967 మాఘమాసం. భట్టిప్రోలు అవతల, కాలువ గట్టునున్న ఒక ఊరి పంచాయతీ ఆఫీసు అరుగు. గుమస్తా బసవేశ్వరరావు, కూలి సింగరయ్య.

"తారా? గుమస్తాగారూ, తారంటున్నారా?"

"తారే సింగరయ్యా. నల్లగా, నున్నగా, రెండు మైళ్లు. డబ్బాలు దింపారు, చూళ్లా?"

"చూశానండి. ఇంకెక్కడికో అనుకున్నా. మన పందెం రోడ్డుకా?"

"పందెం రోడ్డని నువ్వంటున్నావు. కాయితాల్లో అది పంచాయతీ రోడ్డు."

"శివరాత్రి ఇంక పదకొండు రోజులే ఉందండి బాబూ! తారు మీద ఎడ్లబండ్లు పరిగెత్తుతాయా? గిట్టలు జారవూ? మోకాళ్లు చిట్లవూ?"

"లాడాలు కొట్టించు."

"పందెం ఎడ్లకు లాడాలేంటండీ! గిట్ట మట్టిని కరుచుకోవాల, అప్పుడేగా ఊపు!"

"అయితే నడిపించండి. అందరికన్నా మెల్లిగా నడిచిన జతకి మొదటి బహుమతి పెడదాం."

"ఎకసెక్కాలాడకండి."

"లేకపోతే ఏంటయ్యా, నీకేదో ఆస్తి పోయినట్టు! ఇరవై ఏళ్ల నించి బండ్ల పక్కన పరిగెత్తి కేకలెయ్యడం తప్ప నువ్వు చేసిందేంటి?"

"ఇరవై రెండండి. కొలకలూరు, సంగం జాగర్లమూడి, బాపట్ల... పందెమంటే చాలు, కాలినడకనే ఎళ్లాను. ఇన్నేళ్లూ పక్కన పరిగెత్తాను, నిజమే. ఈ ఏడు నా కోడెలున్నాయిగా."

"ఆ బక్కవా?"

"బక్కవి కాదండీ, పందేనికని ఒళ్లు దించాను. మూడేళ్లు పెంచానండి. మా సుబ్బమ్మ తను గంజి తాగి వాటికి ఉలవలు ఉడకేసింది. బండేమో మా పక్కింటి అంద్రెయ ఇస్తానన్నాడు. ఒక్కసారండి, ఒకే ఒక్కసారి పగ్గాలు నేను పట్టాల. జనం నా పేరెట్టి అరవాల."

"అరుస్తార్లే. రోడ్డు రోలరు పక్కన పరిగెత్తు, నిన్ను చూసి బాగా అరుస్తారు."

"ఈ రోడ్డు కూడా పోతే ఇంక పందేలెక్కడండీ? అటేపు దారికి కంకరేశారు, ఇటేపు దారికి తారేశారు. ఇంకో పదేళ్లకి పందెమంటే ఏంటని అడుగుతారు మన పిల్లలు. ట్రాక్టర్లు పరిగెత్తించుకుంటారు."

"మంచిదేగా. ఉలవలు అడగవు."

"ఎవరండీ ఈ తారడిగింది? పెద్ద ఆసామి పూర్ణచంద్రరావుగారేనా? కారు కొన్నారుగా."

"ఆయన కాదు."

"బస్సులోళ్లా?"

"కాదయ్యా, మనూరి మనిషే. అర్జీ పెట్టాడు."

"మనూరోడా! ఎవడండీ? పేరు చెప్పండి."

"చెబితే ఏం చేస్తావు?"

"ఏం చేస్తానా! ఆడి చెయ్యి పడిపోను! ఆ అర్జీ పెట్టిన చెయ్యి మణికట్టుకాడికి పుచ్చిపోను!"

"ఆగాగు. కుడి చెయ్యా, ఎడమ చెయ్యా?"

"ఏ చేత్తో పెడితే ఆ చెయ్యి!"

"అయితే ఎడమది. బొటనవేలు."

"వేలిముద్రగాడా? అక్షరమ్ముక్క రాని ఎదవకి సర్కారు అర్జీ ఒకటా! ఏదండీ, ఆ కాయితం చూపించండి."

"చూపిస్తే చదువుతావా? నేనే చదువుతా, విను. 'మహారాజశ్రీ ఇంజనీరుగారి సముఖమునకు. గత శివరాత్రి బండ్ల పందెములో సదరు రోడ్డు గుంతలో పడి శ్రీమన్నారాయణగారి ఎద్దు కాలు విరిగినది...'"

"గుమస్తాగారూ..."

"'కావున తమరు దయయుంచి సదరు రోడ్డును బాగుచేయించవలెను.' ఏంటి, స్తంభం పట్టుకున్నావు?"

"అది... అది నేను మట్టి పొయ్యమన్నానండి! గుంతల్లో మట్టి! ఇక్కడే కూచుని చెప్పానుగా మీకు! మట్టని రాయలేదా?"

"సర్కారు భాషలో మట్టి ఉండదయ్యా. బాగుచెయ్యడమంటే తారే."

"తెలిసే రాశారా?"

"ఆ సంగతి ఇప్పుడెందుకయ్యా?"

"చెప్పండి బాబూ. తెలిసే రాశారా?"

"నాకు సైకిలుంది సింగరయ్యా. ఆ గుంతల్లో రోజూ నడుం పోతోంది."

"మూడేళ్లండి... అవి పుట్టినకాడినించీ... గుమస్తాగారూ, మీ కాళ్లు పట్టుకుంటా. ఇంకో అర్జీ రాయండి. తారొద్దని రాయండి. ఇదిగో వేలు, ఇప్పుడే అద్దుతా."

"కాళ్లొదులు ముందు. ఆ వేలు కూడా జాగ్రత్త. రేప్పొద్దున ఇంజనీరుగారొస్తున్నారు. అర్జీ పెట్టిన పెద్దమనిషి చేతే కొబ్బరికాయ కొట్టించమన్నారు. దండ కూడా తెప్పించా. ఆ చెయ్యి పడిపోయేదేదో ఎల్లుండి పడిపొమ్మను."