పధ్నాలుగో ఫారం

నా పేరు కొల్లి రజని. వయస్సు ఇరవైమూడేళ్లు. తండ్రి నీలకంఠం, టాటానగర్ రైల్వేలో ఫిట్టరు. నివాసం సిద్ధగోరా. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. తెలుగులో నా చేత్తోనే రాస్తానంటే ఎస్సై గారు ఒప్పుకున్నారు. నన్నెవరూ బెదిరించలేదు.

మా కాలేజీ, భువనేశ్వర్‌లోని ఒక విశ్వవిద్యాలయం కలిసి విద్యార్థుల చేత ప్రాజెక్టు చేయించాయి. పర్సుడీహ్ బస్తీలో ఎవరు ఏ నీళ్లు వాడుతున్నారో ఇంటింటికీ వెళ్లి రాయడం నా పని. ఆ ఫారాలు చూసి నివేదిక తయారుచేయడం భువనేశ్వర్ విద్యార్థి దీపక్ పని. మేమిద్దరం ఫోన్లో తప్ప కలుసుకోలేదు. మా పిన్ని చిన్నమ్మి ఆ బస్తీలోనే ఉంటుంది కనుక తెలుగువాళ్ల సందు నాకిచ్చారు.

మార్చి 9, ఆదివారం, ఉదయం పదకొండింటికి వెళ్లాను. పదమూడు ఇళ్లవాళ్లు పిన్ని అరుగు దగ్గరికే వచ్చి జవాబులు చెప్పి సంతకాలు పెట్టారు. మిగిలింది సందు చివర, బావి పక్కన, ఒంటరిగా ఉండే నూకాలమ్మ. మోకాళ్ల నొప్పులతో రాలేక గుమ్మంలోంచే పిలిచింది.

"ఏటే పిల్లా, నన్ను అడగవేటి?"

వస్తున్నాను మామ్మా అన్నాను. వెళ్లలేదు. నలభై అడుగులు కూడా ఉండవు. పిన్ని గారెలు పెడితే తింటూ కూర్చున్నాను. కుళాయి అందరికీ వచ్చేసింది, ఆవిడకి వేరే ఏముంటుందిలే అనుకున్నాను. కుళాయి నీళ్లని రాశాను. బావి వాడుతున్నారా అన్నచోట లేదు అని రాశాను. సంతకం రాని మామ్మ వేలిముద్ర వేయాల్సిన చోట నా ఎడమ బొటనవేలికి సిరా పూసుకుని నొక్కాను. పిన్ని వంటింట్లో ఉంది, చూడలేదు.

మార్చి 14 సాయంత్రం దీపక్ ఫోన్ చేశాడు. పక్కిళ్లు రెండింటికీ కుళాయి ధార సరిగ్గా రావట్లేదని రాసి ఉంది, చివరింటికి ఎలా వస్తోంది, మళ్లీ ఒకసారి వెళ్లి అడగమన్నాడు. నాకు ఒళ్లు మండింది. వాళ్లు మా వాళ్లు, నాకు తెలియదా అన్నాను. మామ్మే స్వయంగా చెప్పిందన్నాను. అతను నమ్మాడు. పైగా అడిగినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు.

నివేదిక వార్డు ఆఫీసుకి వెళ్లింది. వాడుకలో ఉన్న బావులకే చుట్టుగోడ కట్టాలని అందులో ఉంది. ఏప్రిల్‌లో రెండు బావులకు కట్టారు. ఈ బావికి కట్టలేదు.

మే 22 ఉదయం ఆరింటికి నూకాలమ్మ మామ్మ నీళ్లు తోడుతూ బావిలో పడి చనిపోయింది. కుళాయి నీళ్లు ఆ గుమ్మం దాకా ఏనాడూ రాలేదట.

"నన్నడిగినా సెప్పేదాన్ని కదే" అని పిన్ని ఏడ్చింది.

నేను ఎవరినీ అడగలేదు. మామ్మని అడగలేదు, పక్కనే ఉన్న పిన్నినీ అడగలేదు.

నివేదిక మీద పేరు ఉంది కనుక బస్తీవాళ్లు దీపక్ మీద ఫిర్యాదు ఇచ్చారు. అతని చదువు ఆగిపోయేలా ఉంది. అతని తప్పు లేదు. వెళ్లి అడగమన్నది అతనొక్కడే. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా ఇది రాయకపోతే ఇంకో మనిషిని కూడా తోసినదాన్నవుతాను.

పైన రాసిందంతా జరిగింది జరిగినట్టే రాశాను, ఏదీ దాచలేదు. చదువుకున్న మనిషివి, సంతకం చాలన్నారు ఎస్సై గారు. వేలిముద్ర కూడా తీసుకోమని నేనే అడిగాను. పధ్నాలుగో ఫారం మీద ఉన్నదానితో కలిపి చూడండి.

(సంతకం) కొల్లి రజని
(ఎడమ బొటనవేలి ముద్ర)